ముత్తాత పేరు తెలుసు, మరి ముత్తవ్వ పేరు?

మొన్న వేసవిలో మా అక్కకి కూతురు పుట్టింది. దాంతో మా నాన్నగారు తాతయ్యారు. అంతవరకూ ఉదయం పేపరు, సాయంత్రం వాకింగు, రాత్రి టీవీలో చర్చలు చూసి వాళ్ళని తిట్టుకోవడం... ఇదీ రిటైరయ్యాక ఆయన దినచర్య. మనవరాలు పుట్టిన వారానికల్లా ఆయన వంశవృక్షం వేసే పనిలో పడ్డారు. పాత డైరీ వెనక పేజీల్లో గీతలు గీయడం, ఊళ్ళో మిగిలిన పెద్దవాళ్ళకి ఫోన్లు చేసి "మా తాతగారి తండ్రికి అన్నదమ్ములెంతమంది?" అని అడగడం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన నోట వంశం అన్న మాటే నేను వినలేదు. పిల్లల్ని పెంచే రోజుల్లో మనిషికి ముందు చూపే సరిపోతుంది, ఫీజులూ పెళ్ళిళ్ళూ వగైరా. మనవల్ని ఎత్తుకున్నాకే కాబోలు, రేపు తను కూడా ఎవరికో పూర్వీకుడు కాబోతున్నానని తెలిసొచ్చేది.

"సాఫ్ట్‌వేర్ వాడివి కదా, దీన్ని కంప్యూటర్లోకి ఎక్కించు" అని ఆ డైరీ నా చేతికిచ్చారు. ఎక్సెల్ తెరిచి ఎక్కిస్తుంటే రెండు విషయాలు కనబడ్డాయి. ఒకటి, ఆరు తరాల్లో పెద్దకొడుకులందరికీ కలిపి రెండే రెండు పేర్లు. ఒక తరంలో ఒకటి, తర్వాతి తరంలో రెండోది, మళ్ళీ మొదటిది. రెండు, మా నాయనమ్మ అత్తగారి దగ్గర్నుంచి పైకి ఆడవాళ్ళ గడులన్నీ ఖాళీ. "ఫలానా వారి భార్య" అని మాత్రం ఉంది. ఈ రెండింటి వెనకా మన చరిత్రలో పెద్ద కథే ఉంది. నేను చదివినంతలో చెప్తాను.

ముందు పేర్ల సంగతి. మనవడికి తాత పేరు పెట్టడం మనలో చాలా కులాల్లో, చాలా ప్రాంతాల్లో ఉన్నదే. దీనివల్ల ఇంట్లో ఒక చిక్కు వచ్చిపడేది. కోడలు మామగారి పేరు నోటితో పలకకూడదు. పిల్లాడికేమో ఆయన పేరే పెట్టారు. మరి వాణ్ణి పిలవాలన్నా, తిట్టాలన్నా ఎలా? అందుకే ప్రతి ఊళ్ళోనూ ఒక "తాతబ్బాయి", ఒక "పెదబాబు", ఒక "నాన్న" ఉంటారు. అసలు పేరు బళ్ళో రిజిస్టర్లోనూ తర్వాత పెళ్ళి శుభలేఖలోనూ మాత్రమే కనబడేది :)

ఈ అలవాటు ఎంత పాతదో చూద్దాం. నాగార్జునకొండ లోయలో విజయపురి రాజధానిగా 3-4 శతాబ్దాల్లో ఇక్ష్వాకులు పాలించారు. మొదటి రాజు చాంతమూలుడు. ఆయన కొడుకు వీరపురుషదత్తుడు. మనవడు మళ్ళీ చాంతమూలుడు, చరిత్ర పుస్తకాల్లో ఎహువుల చాంతమూలుడు అని రాస్తారు. బాదామి చాళుక్యుల్లో పులకేశి, ఆయన కొడుకు కీర్తివర్మ, మనవడు రెండో పులకేశి. ఈ రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడే 7వ శతాబ్దం మొదట్లో వేంగికి వచ్చి తూర్పు చాళుక్య వంశానికి ఆద్యుడయ్యాడు. ఆయన కొడుకుల్లో ఒకడు ఇంద్రభట్టారకుడు, అతని కొడుకు రెండో విష్ణువర్ధనుడు. ఇక మన ఓరుగల్లు వాళ్ళ సంగతి చూడండి. తొలి కాకతీయుల్లో బేతరాజు, ఆయన కొడుకు ప్రోలరాజు, ఆయన కొడుకు బేతరాజు, ఆయన కొడుకు ప్రోలరాజు! మా నాన్నగారి డైరీకీ దీనికీ ఏమీ తేడా లేదు. బళ్ళో చరిత్ర చదివేటప్పుడు "ఈ రాజులకి వేరే పేర్లే దొరకలేదా?" అని మనమంతా విసుక్కున్నవాళ్ళమే. పేర్లు దొరక్క కాదు, కావాలనే పెట్టుకున్నారు.

ఎందుకు? నాకు తోచిన కారణం ఇది. పాత రోజుల్లో తాతని కళ్ళారా చూసే అదృష్టం అందరికీ ఉండేది కాదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు. పసిపిల్లల చావులు కూడా ఇందులో కలిసుంటాయి కాబట్టి అందరూ ముప్ఫైలోనే పోయేవారని దీనర్థం కాదు. కానీ కలరా, మశూచి, ప్లేగు, కరువు, వీటన్నిటినీ దాటుకుని మనవణ్ణి ఎత్తుకోవడం చిన్న విషయం కాదు. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసిన డొక్కల కరువు, 1876-78లో రాయలసీమని పట్టి పీడించిన ధాత కరువు, 1918లో ఇన్‌ఫ్లుయెంజా... ఒక్కో దెబ్బకి ఇళ్ళకిళ్ళే ఖాళీ అయ్యాయి. 1911-21 మధ్య దేశ జనాభా పెరగకపోగా తగ్గింది. మన జనగణనల చరిత్రలో అలా జరిగింది ఆ ఒక్కసారే. మనుస్మృతి కూడా, జుట్టు నెరిసి, ఒళ్ళు ముడతలు పడి, బిడ్డకి బిడ్డని చూశాక ఇక అడవికి బయల్దేరమంటుంది. అంటే మనవడు పుట్టడం ప్రయాణానికి గంట కొట్టినట్టన్నమాట.

అలాంటి రోజుల్లో మనిషి ఉండడు కాబట్టి పేరునైనా ఇంట్లో ఉంచుకున్నారు. కొడుక్కి పేరు పెట్టి పిలవడం ఒక్కటే కాదు, పోయిన తండ్రిని రోజూ తలుచుకోవడం కూడా. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, హార్డ్‌వేర్ పోతుందని తెలిసి తీసుకున్న బ్యాకప్.

శ్రాద్ధంలోనూ ఇదే లెక్క. తండ్రి, తాత, ముత్తాత, ఈ మూడు తరాల పేర్లే చెప్తారు. ఇంట్లో ఇంకొకరు పోయి ఆ వరుసలో చేరగానే, పైనున్న ముత్తాత వరుసలోంచి తప్పుకుంటారు. మూడు గడులున్న క్యూ అది. కొత్తవాళ్ళు చేరితే పాతవాళ్ళు బయటికి. కులాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి తంతు మారుతుంది. తెలంగాణలో పెత్రమాస నాడు పెద్దల పేరున బియ్యం ఇస్తారు. కోస్తాలో సంక్రాంతికి పెద్దలకి కొత్తబట్టలు పెట్టుకుంటారు. కానీ ఎక్కడైనా సామాన్యుల జ్ఞాపకం మూడు, మహా అయితే నాలుగు తరాల దగ్గర ఆగిపోతుంది.

మరి రాజుల వంశాలు మనకి ఎనిమిది తరాలు, పది తరాలు ఎలా తెలిశాయి? రాళ్ళ మీద చెక్కించారు కాబట్టి. ఇక్కడే నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఉంది. ఆ రాళ్ళు చెక్కించిన వాళ్ళలో ఆడవాళ్ళు తక్కువేం కాదు.

శాతవాహనుల్లో అందరికీ తెలిసిన పేరు గౌతమీపుత్ర శాతకర్ణి. సినిమా కూడా వచ్చింది కదా (2017). ఆయన గొప్పతనం మనకి ఎక్కడ తెలిసింది? ముఖ్యంగా నాసిక్ దగ్గర కొండ గుహలో ఉన్న ఒక ప్రాకృత శాసనం వల్ల. అది వేయించింది ఆయన కాదు, ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ. అది కూడా ఎప్పుడు? తన మనవడు వాసిష్ఠీపుత్ర పులుమావి గద్దెనెక్కిన 19వ ఏట. అప్పటికే కొడుకు పోయాడని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఆ గుహని బౌద్ధ భిక్షువులకి దానం చేస్తూ, ఆవిడ తనని తాను ఎలా చెప్పుకుందో తెలుసా? మహారాజుకి తల్లిని, మహారాజుకి నాయనమ్మని అని. దాదాపు 1,900 ఏళ్ళ కిందటి మాట ఇది. ఒక నాయనమ్మ "నేను నాయనమ్మని" అని రాతి మీద గర్వంగా చెక్కించుకుంది!

ఆ శాసనం సారాంశం చదివితే ముందు రాజకీయమే కనబడుతుంది. శక యవన పహ్లవుల్ని ఓడించాడు, క్షహరాట వంశాన్ని నిర్మూలించాడు, ఆయన గుర్రాలు మూడు సముద్రాల నీళ్ళు తాగాయి, ఇలా. పరీక్షల్లో మనం రాసింది ఇంతవరకే. కానీ మధ్యలో ఇంకొన్ని మాటలున్నాయి. తప్పు చేసిన శత్రువునైనా చంపడం ఇష్టం లేనివాడట. ప్రజల కష్టసుఖాలు తనవే అనుకున్నాడట. తల్లికి ఎప్పుడూ సేవ మానలేదట. మూడు సముద్రాల పక్కన ఈ మాట! ఏ ఆస్థానకవికి చెప్పి రాయించిందో గానీ, అది తల్లి గొంతు. శాసనం చివర్లో ఇంకో ముక్క ఉంది. నాయనమ్మకి సేవ చేయాలని, ఆవిడని సంతోషపెట్టాలని కోరుకుంటూ మనవడు ఆ గుహ నిర్వహణ కోసం ఒక ఊరిని ఇచ్చాడు. కొడుకు కథని నాయనమ్మ మనవడికి అప్పజెప్పింది. మనవడు ఆ కథ నిలబడడానికి ఊరు రాసిచ్చాడు. రెండు తరాల మధ్య వంతెన కట్టింది ఆవిడే.

ఇది ఒక్కటే అనుకుంటే సరే, అక్కడక్కడా ఇలాంటివి ఉంటాయిలే అనుకోవచ్చు. విజయపురికి రండి. చనిపోయిన చాంతమూల మహారాజు స్మారకంగా ఒక ఛాయాస్తంభం నిలబెట్టారు. నిలబెట్టింది ఆయన తల్లులు, అక్కచెల్లెళ్ళు, భార్యలు. ఇక బయ్యారం. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. కాకతి గణపతిదేవుడి చెల్లెలు మైలమ అక్కడ చెరువు తవ్వించి శాసనం వేయించింది. వెన్నరాజు, గుండరాజుల దగ్గర్నుంచి తన పుట్టింటి వంశక్రమాన్ని అందులో వరసగా చెప్పించింది. తొలి కాకతీయుల గురించి చరిత్రకారులకి దొరికిన పెద్ద ఆధారాల్లో అదొకటి. పెళ్ళయి వేరే ఇంటికి వెళ్ళిన ఆడపిల్ల పుట్టింటి తాతముత్తాతల్ని నిలబెట్టిందన్నమాట!

అసలు శాతవాహనులూ ఇక్ష్వాకులూ తల్లి గోత్రాన్ని పట్టి గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర, మాఠరీపుత్ర అని చెప్పుకున్నవాళ్ళే. వంశం తండ్రి వైపు నుంచే నడిచినా, "ఏ తల్లి బిడ్డ" అన్నది పేరులోనే ఉండేది.

తర్వాతి రోజుల్లోనూ చరిత్ర పెద్ద మలుపులు తిరిగిన చోట తల్లి వైపు చుట్టరికమే కనబడుతుంది. 1022లో రాజమహేంద్రవరంలో పట్టాభిషేకం జరిగిన రాజరాజనరేంద్రుణ్ణి తీసుకోండి. ఆయన తల్లి కుందవ్వ, తంజావూరు రాజరాజచోళుడి కూతురు. అంటే పేరు అమ్మ తండ్రిది. ఆయన చేసుకున్నది మేనమామ రాజేంద్రచోళుడి కూతురు అమ్మంగదేవిని. వాళ్ళకి పుట్టిన కొడుక్కి పేరు రాజేంద్రుడు. మళ్ళీ అమ్మ తండ్రి పేరే! ఆ పిల్లాడే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగచోళుడయ్యాడు. కాకతీయుల్లో రుద్రమదేవికి కొడుకుల్లేరు. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత చేసుకుని రాజ్యం అప్పగించింది. చందుపట్ల శాసనాన్ని బట్టి 1289లో ఆవిడ కాలం చేసింది. ఓరుగల్లు చివరి చక్రవర్తి అమ్మమ్మ రాజ్యాన్ని ఏలినవాడే.

రాజరాజనరేంద్రుడి దగ్గర ఇంకో ముచ్చట ఉంది. నన్నయని పిలిచి మహాభారతాన్ని తెలుగులో రాయమని ఎందుకడిగాడు? తూర్పు చాళుక్యులు తమది చంద్రవంశం అని చెప్పుకున్నారు. కాబట్టి పాండవులు ఆయన దృష్టిలో సొంత పూర్వీకులు. తన వంశం పెద్దల కథ తన భాషలో వినాలనుకున్నాడు. ఆ కథలో కూడా వినేవాడు జనమేజయుడు, అర్జునుడికి మునిమనవడు. మనకి ఆదికావ్యం దక్కింది తాతముత్తాతల కథ వినాలని ఒకాయనకి కోరిక పుట్టడం వల్ల! పాండవులు నిజంగా ఆయన పూర్వీకులా అన్నది వేరే చర్చ. ఆ కోరిక మాత్రం నిజం. మా నాన్నగారి డైరీలో ఉన్నదీ అదే కోరిక అని నా నమ్మకం.

రాజులు సరే, మరి రాయి చెక్కించలేని వాళ్ళ సంగతి? వాళ్ళకి మనుషులే శాసనాలు. పిచ్చుకగుంట్లు అనే వాళ్ళు రెడ్డి, కమ్మ వంటి కులాల ఇళ్ళకి వెళ్ళి గోత్రాలు, ఇంటిపేర్లు, వంశక్రమాలు పాడేవారు. ఇప్పుడు ప్రభుత్వ జాబితాలో వాళ్ళ పేరు వంశరాజ్. మాదిగలకి డక్కలివాళ్ళు పటం విప్పి జాంబపురాణం చెప్తారు. పద్మశాలీలకి కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం. కాశీ, గయ వెళ్తే అక్కడి పండాల బహీల్లో యాత్రకొచ్చినవాళ్ళ పేర్లు తరాల వారీగా ఉంటాయి. అన్నీ గొప్పవే. కానీ వీటిలో చాలావరకు మగవాళ్ళ వరసే. శాసనం వేయించే స్తోమత ఉన్న రాణి పేరు నిలిచింది. నాట్లేసి, ధాన్యం దంచి, పదిమందిని కని, అందులో నలుగుర్ని బతికించుకున్న ఆవిడ పేరు నిలవలేదు.

ఇప్పుడు కాసేపు లెక్కలు. మనకి తల్లిదండ్రులు ఇద్దరు, తాతలూ అవ్వలూ కలిపి నలుగురు, ముత్తాతలూ ముత్తవ్వలూ ఎనిమిది మంది. పదో తరానికి 1,024 మంది. అందులో సగం, అంటే 512 మంది ఆడవాళ్ళు. మామూలుగా మనం రాసుకునే వంశవృక్షంలో ఆ పదో తరం నుంచి ఎంతమంది ఉంటారు? ఒకే ఒక్కడు! తండ్రికి తండ్రికి తండ్రి అలా వెళ్తే దొరికే ఒక్క మగమనిషి. మిగతా 1,023 మంది మనకి ఏమీ కానట్టే. అది వృక్షం ఎలా అవుతుంది? కొమ్మలన్నీ నరికేసిన మోడు.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. తరానికి 25 ఏళ్ళు వేసుకుంటే రుద్రమదేవి కాలానికి 30 తరాలు. 2ని 30 సార్లు హెచ్చిస్తే 107 కోట్ల పైచిలుకు. ఆ రోజుల్లో ప్రపంచ జనాభా మొత్తం కలిపినా 50 కోట్లు లేదు! లెక్క తప్పలేదు. ఒకే మనిషి చాలా గడుల్లో కనబడతాడు, అంతే. మేనరికాలున్న మన ఇళ్ళలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. మేనత్త కూతుర్ని చేసుకుంటే పుట్టే పిల్లలకి ముత్తాత ముత్తవ్వలు ఎనిమిదికి బదులు ఆరుగురే. మేనమామని చేసుకుంటే నాయనమ్మే అమ్మకి అమ్మమ్మ కూడా అవుతుంది. ఇక్ష్వాకు వీరపురుషదత్తుడు కూడా మేనత్త హమ్మసిరి కూతురు బాపిసిరిని చేసుకున్నాడు కాబట్టి ఇదేమీ కొత్త అలవాటు కాదు. డేటా స్ట్రక్చర్స్ చదివినవాళ్ళకి తెలుస్తుంది, ఇది ట్రీ కాదు, గ్రాఫ్. కొమ్మలు విడిపోయి మళ్ళీ కలుస్తాయి. "మా వంశం, మా రక్తం" అని ఎగిరేవాళ్ళు ఓసారి ఈ లెక్క వేసుకుంటే మంచిది. వెనక్కి వెళ్ళేకొద్దీ మీ తాతలూ నా తాతలూ వేరువేరు మనుషులుగా ఉండరు.

ఇవాళ్టి సంగతి చూస్తే ఒక తమాషా ఉంది. సగటు ఆయుర్దాయం 70కి చేరింది. తాతయ్య, అమ్మమ్మ, నాయనమ్మ, కొన్ని ఇళ్ళలో ముత్తవ్వ కూడా ఉంటున్నారు. కాన్పుకని అమెరికా వెళ్ళి ఆరు నెలలు ఉండి వస్తున్నారు, మిగతా రోజుల్లో వీడియో కాల్. ముత్తవ్వని ముని మనవలు చూడడం ఇంతకుముందు ఏ తరానికీ ఇంత సులువుగా దొరకలేదు. సరిగ్గా ఇప్పుడే తాత పేరు పెట్టడం మానేశాం. రెండక్షరాలుండాలి, ఇంగ్లీషులో పలకాలి, ఇంకెవరికీ ఉండకూడదు. దీన్ని నేను తప్పుపట్టను. మనిషి లేనప్పుడు పేరుతో సరిపెట్టుకున్నారు, ఇప్పుడు మనిషే ఉన్నాడు కాబట్టి పేరు అక్కర్లేకపోయింది. కానీ ఆ మనిషి కూడా ఎప్పటికీ ఉండడు. అప్పుడు పేరూ ఉండదు, కథా ఉండదు.

మన దేశంలో జనన మరణాల నమోదుకి దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు పల్లెల్లో పుట్టిన మన అమ్మమ్మల్లో చాలామందికి పుట్టిన తేదీ కాగితం మీద లేదు. వాళ్ళ అమ్మల పేర్లు ఏ రిజిస్టర్లోనూ దొరక్కపోవచ్చు. ఉన్నది ఒకే చోట, వాళ్ళ తలలో. దానికి బ్యాకప్ లేదు.

కాబట్టి ఈసారి సంక్రాంతికో, పెత్రమాసకో ఊరెళ్ళినప్పుడు తాతగారి ముత్తాత గొప్పలు ఎలాగూ వింటారు. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి అవ్వ పక్కన కూర్చుని రెండు ప్రశ్నలు అడగండి. మీ అమ్మ పేరేంటి? మీ అమ్మమ్మ పేరేంటి? మొదట "ఇప్పుడవన్నీ ఎందుకురా" అంటుంది. కాసేపాగి చెప్తుంది. పేరుతో పాటు ఏ ఊరు, ఎన్నేళ్ళకి పెళ్ళయింది, ఎంతమంది పిల్లలు పోయారు, ఏ కరువులో ఏం తిన్నారు, అన్నీ వస్తాయి. బాలశ్రీకి కొండ గుహ కావాల్సి వచ్చింది. మనకి ఒక నోట్‌బుక్కు చాలు.